గడపకు అడ్డంగా

నారిన్ పట్టణం దగ్గరి ఒక కొండ ఊళ్లో, శైర్ ఇంట నూనె కాగుతోంది. ఆడవాళ్లంతా చేరి బోర్సోక్‌లనే పిండి బిళ్లలు వేయిస్తూ ఒకరినొకరు ఆటపట్టించుకుంటున్నారు. చూసేవాళ్లకు అది నిండైన పెళ్లిఇల్లు. లోపలి గదిలో ఉన్న పిల్లను పొద్దున బస్సు కోసం నిలబడ్డ చోటు నుంచి శైర్ కొడుక్కి చేయడానికని నలుగురు కుర్రాళ్లు కారులో ఎత్తుకొచ్చారన్న మాట మాత్రం ఎవరూ ఎత్తడం లేదు.

"పెళ్లికి ఒప్పుకున్నట్టు రెండుసార్లు తెల్ల ముసుగు కప్పాం, రెండుసార్లూ విసిరికొట్టింది," అంది శైర్ ఆడపడుచుతో. "అత్తయ్య ఉంటే గడపలో పడుకునేది. ఇప్పుడు పెద్దదానివి నువ్వేగా కుందుజ్ వదినా, పడుకో. మనం మాత్రం ఏడవకుండా వచ్చామా ఏంటి?"

పెద్దలను దాటినవాళ్లు బాగుపడరని అక్కడ పసిపిల్లలకూ తెలుసు. కుందుజ్ లోపలి గది గడపకు అడ్డంగా పడుకుంది. పడుకున్నాక జిపార్ గుర్తొచ్చింది.

జిపార్ కాలేజీలో కుందుజ్‌తో చదివింది. హర్డిల్స్ పరుగులో ఆమెను మించినవాళ్లు లేరు. ఆఖరి ఏడు ఆమెనూ ఇలాగే ఎత్తుకుపోయారు. గడపలో ముసలమ్మ పడుకుంటే, మీదుగా దూకి హాస్టల్‌కు పరుగెత్తుకొచ్చింది. పెద్దదాన్ని దాటొచ్చిందని అందరూ ముఖం తిప్పుకున్నారు. కుందుజ్ కూడా తన పక్కబట్టలు వేరే గదికి మార్చుకుంది. అందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

జిపార్ తర్వాత లాయరై, ఇలాంటి పిల్లల తరఫున ఇరవై ఏళ్లు వాదించింది. పోయిన చలికాలం జబ్బుచేసి పోయింది. ఆ పాపమే కొట్టిందన్నవాళ్లూ ఉన్నారు. ఆమె బతికుండగా కుందుజ్ ఒకసారి ఆమెనే అడిగింది, దాటేటప్పుడు భయం వేయలేదా అని.

"వేసిందే. ముసలమ్మకు కాలు తగులుతుందేమోనని. తను కూడా ఏడుస్తోంది, తెలుసా? తనే లేచుంటే నేను దూకాల్సిన పనేముంది?"

తలుపు తెరుచుకుంది. పిల్ల ఒక కాలు ఎత్తి, మళ్లీ వెనక్కి పెట్టేసింది.

"పెద్దమ్మా, లేవండి. మిమ్మల్ని దాటలేను."

కుందుజ్ లేచింది. పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. వాకిట్లో కుర్రాళ్లు అడ్డొచ్చారు గాని, పెద్దావిడ మీద చెయ్యి వేయలేక పక్కకు తప్పుకున్నారు.

"మతిపోయిందా నీకు? పదిమందిలో పరువు తీస్తావా?" శైర్ అట్లకాడతోనే పరుగెత్తుకొచ్చింది.

కుందుజ్ ఆగి, అందరికీ వినపడేలా అంది: "పెద్దలను దాటడం తప్పని పిల్లలకు బాగానే నేర్పాం శైర్. పిల్లల దారికి అడ్డం పడుకోవడం అంతకంటే పెద్ద తప్పని మనమే నేర్చుకోలేదు."