ముప్పై ఆరు గొర్రెల రీలు

పక్క ఊరి మందలో పారుడు రోగం బయటపడిన మూడో రోజే జీసిస్ దొడ్డికి పశువైద్యులు వచ్చి గొర్రెల రక్తం తీసుకెళ్లారు. ఒక గొర్రెకు రోగం ఉందని తేలింది. ఒక్కదానికి ఉన్నా మంద మొత్తాన్నీ చంపి పాతిపెట్టాలని అక్కడి నిబంధన. గురువారం పొద్దున ఎనిమిదింటికి వస్తామని కబురు పెట్టారు.

జీసిస్ అక్క లంబ్రిని బడిలో వంట చేస్తుంది. యాభై రెండేళ్ల వయసులో, మూడు నెలల కిందటే, యానినా పట్నం గ్రంథాలయంలో పాతకాలపు రీలు కెమెరాతో ఫోటోలు తీయడం నేర్పే తరగతిలో చేరింది. తమ్ముడికి పెళ్లాం పిల్లలు లేరు. ఉన్నవల్లా ఆ నలభై ఒక్క గొర్రెలే. ఏది దేని కూతురో, ఏది దేనితో పడదో అన్నీ చెప్పగలడు. ఒక్కొక్కదానికీ ఒక ఫోటో తీసి అతని చేతిలో పెట్టాలని ఆమెకు తోచింది. అంతకుమించి చేయగలిగింది ఏమీ కనిపించలేదు.

బుధవారం బడి అయ్యాక బస్సెక్కి పట్నం వెళ్లింది. కెమెరా రీళ్లు అమ్మే అరిస్టో ఆ తరగతికి గురువు కూడా. నలుపు తెలుపు రీళ్లు రెండు రకాలు ముందు పెట్టాడు. నాలుగు వందల నంబరు రీలు మసక వెలుతురులోనూ పనిచేస్తుంది, కానీ బొమ్మ మీద రవ్వ చల్లినట్టు ఉంటుంది. వంద నంబరు రీలుకు వెలుతురు బాగా కావాలి, పడితే మాత్రం వెంట్రుక వెంట్రుకా విడిగా పడుతుంది. ఆమె సంగతంతా విని, నాలుగు వందలదే తీసుకోమని అతను మరీ మరీ చెప్పాడు.

"ఇంకోటి వినమ్మా. మంచూ తెలుపే, ఉన్నీ తెలుపే. నీ కెమెరాలో వెలుతురు కొలిచే సూదికి తెలుపంటే ఏంటో తెలీదు, అన్నిటినీ బూడిద రంగు చేసి చూపిస్తది. అది చెప్పినదానికి రెండు మెట్లు ఎక్కువ వెలుతురియ్యి."

ఉన్ని మెలికలు కూడా కనబడాలన్న ఆశతో లంబ్రిని వంద నంబరు రీలే తీసుకుంది. ఆ రకంలో అది ఒక్కటే మిగిలి ఉంది. దాంతో ముప్పై ఆరు బొమ్మలే వస్తాయి.

గురువారం ఆమె దొడ్డి ముందు మందునీళ్ల పళ్లెంలో బూట్లు ముంచి లోపలికి వెళ్లేసరికి అప్పుడప్పుడే తెల్లవారుతోంది. కొండ మీద పొగమంచు, నేలంతా తెల్లటి మంచు. జీసిస్ రాత్రంతా అక్కడే ఉన్నట్టున్నాడు, కోటుకు గడ్డి అంటుకుని ఉంది.

"ఫోన్లో తీస్తే అయిపోయేదానికి ఆ డబ్బా ఎందుకక్కా?"

"ఫోన్లోవి మళ్లీ ఎవడు చూస్తాడురా?"

అతను ఒక్కొక్క గొర్రెనూ బయటి మంచులోకి తెచ్చి, గడ్డం కింద చెయ్యి పెట్టి నిలబెట్టాడు. మొదటి రెండింటికీ లంబ్రిని గురువు చెప్పినట్టే రెండు మెట్లు ఎక్కువ ఇచ్చింది. వెలుతురు చాలక షట్టర్ నిదానంగా, ఈడ్చుకుంటూ మూసుకుంది. రెండో గొర్రె సరిగ్గా అప్పుడే తల విదిల్చింది. అన్నీ ఇలాగే అలుక్కుపోతాయని ఆమెకు భయం పట్టుకుంది. మూడో దాని నుంచి సూది ఎంత చెబితే అంతే ఇచ్చింది. టకటకా తీసేసింది.

ముప్పై ఆరో బొమ్మ తర్వాత రీలు తిప్పే మీట బిగుసుకుపోయింది. దొడ్డిలో ఇంకా ఐదు ఉన్నాయి.

"పోనీలే, వాటిని నేను గుర్తుపెట్టుకుంటా," అన్నాడు జీసిస్.

దారి మలుపులో బండ్ల చప్పుడు వినిపించింది. అక్కను ఇంటికి పొమ్మన్నాడు. ఆమె వెళ్లలేదు, గోడ అవతల నిలబడింది. పదకొండున్నరకల్లా అంతా అయిపోయింది.

వారం తర్వాత అరిస్టో రీలు కడిగి ఫోటోలు వేసిచ్చాడు. రీలు మీద బొమ్మ సరిగా పడలేదనీ, ఇంతకన్నా రాబట్టలేకపోయాననీ ఆమె ముఖం చూడకుండా చెప్పాడు. బూడిద రంగు మంచులో బూడిద రంగు గొర్రెలు. కళ్ల చుట్టూ నల్లమచ్చలుండే జాతి కావడంతో మొహాల స్థానంలో నల్లటి గుంతలున్నాయి. మొదటి రెండింటిలో మంచు తెల్లగానే వచ్చింది గానీ మొహాలు అలుక్కుపోయాయి.

జీసిస్ వాటిని వంటింటి బల్ల మీద పరిచి చాలాసేపు చూశాడు. కొన్నింటిని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాడు.

"వీటిలో ఏది ఏదో తెలీట్లేదక్కా."

"తప్పు నాదేరా. ఆయన చెప్పాడు, నేనే వినలేదు."

"నువ్వేం చేస్తావులే," అంటూ తల విదిల్చిన గొర్రె ఫోటో మీద వేలు పెట్టాడు. "ఇదెవరో గానీ, కదులుతోంది."

దానికి కూడా పేరు చెప్పలేకపోయాడు. అన్నీ కవరులో పెట్టి అక్కకే ఇచ్చేశాడు.

దొడ్డిలో సున్నం చల్లి తలుపుకు సీలు వేశారు. కొన్ని నెలల దాకా కొత్త గొర్రెలను తేకూడదన్నారు. అనుమతి వచ్చినా తేనని జీసిస్ చెప్పేశాడు. రోడ్ల మీద మంచు ఎత్తే పనిలో చేరాడు. లంబ్రిని మళ్లీ ఆ తరగతికి వెళ్లలేదు. ఆ ఏడు ఈస్టర్‌కు ఇంటింటా గొర్రెపిల్లను కాల్చే ఆనవాయితీ ప్రకారం ఊరంతా మాంసం కాలుతున్న వాసన వేస్తుంటే, అక్కాతమ్ముళ్లు కిటికీలు మూసుకుని చిక్కుడుగింజల పులుసు తిన్నారు.