గుహ ముందు ఆగిన కథ

భూమేశ్వర్ వాకిట్లో మడత కుర్చీ వేసుకుని పిల్లలకు పుస్తకం చదివి వినిపిస్తున్నాడు, మిట్టమధ్యాహ్నం, ఎండ ఫెళ్ళున కాస్తోంది, అయినా కుర్చీకి గానీ పిల్లలకు గానీ నేల మీద నీడ లేదు. చనిపోయిన మొగుడు ఇంత తీరిగ్గా కాళ్ళు చాపుకుని కూర్చోవడమేమిటని ప్రసూనకు ముందు ఒళ్ళు మండుతుంది, ఆ తర్వాతే భయం వేస్తుంది.

"వచ్చినవా? కూసో," అంటాడు ఆయన తలెత్తకుండా. "కథల మంచి జాగల ఉన్నం."

వాకిలంటే తిన్నగా వాకిలీ కాదు. ఒకసారి చూస్తే జగిత్యాలలో వాళ్ళ అద్దె ఇల్లే, డబ్బాల మీద 'బియ్యం', 'పప్పు' అని పిల్లల చేత సుద్దముక్కతో రాయించిన వంటగది కనిపిస్తుంది. రెప్ప వాల్చి చూస్తే ఆయన విత్తనాల దుకాణం. ఇంకోసారి చూస్తే బస్సులు రాని బస్టాండు. నేల మాత్రం ఎప్పుడు చూసినా కుర్చీ వైపే వాలుగా ఉంది. ఏడేళ్ళ మేధ, ఐదేళ్ళ లోహిత్ ఆమెకు వీపు పెట్టి కూర్చున్నారు, ఆయన ఆపినప్పుడల్లా ఇద్దరూ కలిసి "ఊ" కొడుతున్నారు, ఊ కొట్టినప్పుడల్లా కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే జానెడు ముందుకు జరుగుతున్నారు.

"మీరు పోయినంక వీళ్ళు ఒక్క పుస్తకం ముట్టలేదు, ఎరుకేనా?" అంటుంది ప్రసూన. "అంతా మీరు పెట్టిన కట్టడి వల్లనే."

నిజమే మరి. పిల్లల్ని బడికి పంపకుండా మొగుడూ పెళ్ళాం ఇంట్లోనే చదువు చెప్పుకుంటున్న ఇల్లది. సాయంత్రమైతే ఒకరు పుస్తకం చదవాలి, మిగతావాళ్ళు ఊ కొట్టాలి, ఊ కొట్టేవాళ్ళు లేకుంటే కథ అక్కడే ఆపెయ్యాలి. చదివేవాళ్ళు బద్ధకించకుండా ఇంకో నియమం కూడా పెట్టాడు ఈ మహానుభావుడు: ఎవరు మొదలుపెట్టిన కథ వాళ్ళే పూర్తి చెయ్యాలి, అది కాకుండా ఇంకోటి ముట్టకూడదు. అప్పుడెంత ముద్దుగా ఉండేదో! తీరా మేకపిల్లను వెతుక్కుంటూ కొండెక్కిన పిల్ల కథ అందుకుని, ఆ పిల్ల గుహ ముందు నిలబడి లోపల్నుంచి గంట చప్పుడు విన్నదాకా చదివి, మిగతాది రేపని పుస్తకం మూశాడు. తెల్లారేసరికి జ్వరం. ఆ జ్వరంలోనే పోయాడు. ఇప్పుడు ప్రసూన ఆ పుస్తకం తెరిస్తే చాలు, మేధ చెవులు మూసుకుని "అది నాన్న కథ, నువ్వు చదవొద్దు" అని వెక్కివెక్కి ఏడుస్తోంది.

"రేపు మీ అన్న వస్తున్నడు," అంటుంది ప్రసూన. "ఇంట్ల చదువులు ఇగ చాలు, ఇద్దర్నీ హాస్టల్ల వేస్తనంటున్నడు. నేనేం చెప్పి ఆపాలె? పిల్లలు నా ముంగట పుస్తకమే తెరుస్తలేరు. వాళ్ళు గూడ పోతే నేనెట్ల బతకాలె?"

"అందుకే గద వచ్చిన. నేనే మొదలుపెట్టిన, నేనే పూర్తి చేస్త."

"చేసి, పిల్లల్ని నాతోని పంపిస్తరా?"

ఆయన పేజీ తిప్పుతాడు, ఆ పేజీలో ఒక్క అక్షరమైనా లేదని ప్రసూనకు ఇంత దూరం నుంచీ కనిపిస్తుంది.

"గుహల చీకటిగున్నది. ఆ పిల్ల వంగి లోపలికి ఒక అడుగు పెట్టింది."

"ఊ."

పిల్లలు ముందుకు జరుగుతారు. ఆయన వీపు వెనక దుకాణమూ లేదు, బస్టాండూ లేదు, ఎండ కత్తిరించినట్టు ఆగిపోయి అవతలంతా నలుపు, ఆ నలుపులోంచి గంట మోగుతోంది, నిజంగానే మోగుతోంది. లోహిత్ పాదం అప్పుడే ఆ నలుపులో ఉంది. ప్రసూన పరుగెత్తబోతే కాళ్ళు రావు. "మేధా!" అని కేక పెడితే పిల్ల తల తిప్పదు; కథ నడుస్తుండగా ఎవరు పిలిచినా పలకొద్దని నేర్పింది తనే కదా, ఇప్పుడు ఎవరిని తిట్టుకోవాలి?

కేకలు వినని పిల్లలు కథ వింటారు. ప్రసూన కథే అందుకుంటుంది.

"ఒక్కటే అడుగు పెట్టి ఆగింది ఆ పిల్ల!"

పిల్లలు ఆగుతారు.

"ప్రసూనా," అంటాడు భూమేశ్వర్, మొదటిసారి తలెత్తి. "అది నా కథ."

"మీరు పోయిండ్రు. ఇగ నాదే."

"పుస్తకంల అట్ల లేదు."

"లేకపోతే లేకపాయె! గంట లోపల మోగుతలేదు. మోగేది బయటనే, ఆ చప్పుడు గుహ గోడకు తాకి మళ్ళొస్తున్నది. మేకపిల్ల వెనుకనే ఉన్నది. ఆ పిల్ల వెనుకకు తిరిగి చూసింది."

మేధ తిరుగుతుంది, లోహిత్ తిరుగుతాడు, తెరిచిన కళ్ళతోనే నిద్రపోతున్న ముఖాలు వాళ్ళవి, ఇద్దరి నోటా ఊ రాదు. ఊ లేకపోతే ముందుకు ఎలా పోవడం?

"ఊ," అంటాడు భూమేశ్వర్.

ఆమెకు ఏడుపు తన్నుకొస్తుంది. "మేకపిల్ల రాయి మీద నిలబడ్డది," అంటుంది ఏడుస్తూనే. "ఊ," అంటాడు ఆయన, కొంచెం దూరం నుంచి. "ఆ పిల్ల గుహల నుంచి బయటకొచ్చింది." ఆ ఊ ఇంకా దూరం నుంచి వస్తుంది. చేతులు చాపింది, అని ఆమె చెబుతూ ఉంటే, తర్వాతి ఊ వచ్చిందో లేదో తెలియడం లేదు.

ప్రసూన కళ్ళు తెరిచింది. కరెంటు పోయి ఫ్యాను ఆగింది, మెడంతా చెమట, పెదవులింకా కదులుతున్నాయి. పిల్లలిద్దరూ చాప మీద ఆమె తల దగ్గర కూర్చుని కన్నార్పకుండా చూస్తున్నారు.

"నిద్రల మాట్లాడిన్నా?"

"కథ చెప్పినవ్," అంది మేధ. దాని చేతులు ఒళ్ళోనే ఉన్నాయి, చెవుల మీద లేవు. "గుహలకు ఒక అడుగు పెట్టిందాక నాన్న చెప్పిండు. ఆడ నుంచి నువ్వు అందుకున్నవ్."

ప్రసూనకు ఆ ఉక్కలోనే ఒళ్ళు జల్లుమంది. ఆయన చదివింది గుహ ముందు దాకే, ఆ అడుగు ఈ ఇంట్లో ఎవరూ ఏ రోజూ చదవలేదు.

"మేకపిల్లను ఎత్తుకున్నదా మరి?" అని లోహిత్ ఆమె చెయ్యి పట్టి లాగాడు. "చెప్పమ్మా!"

"ఎత్తుకున్నది," అంది ప్రసూన, ఇద్దర్నీ దగ్గరికి లాక్కుంటూ. "ఎత్తుకుని కొండ దిగుతున్నది."