చెవి మేస్త్రి

పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజను మీద ఆనించి, కర్రపిడిని చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు చెవి మేస్త్రి. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ షెడ్డులో రోజు మొదలయ్యేది అలాగే. పిడి అరిగి అరిగి చెవికి సరిపోయేలా గుంటపడింది. వేళ్ల సందుల్లో ఏ సబ్బుకూ లొంగని గ్రీజు, నెరిసిన మీసం, మోకాళ్ల దగ్గర మాసికలు పడ్డ ప్యాంటు. చూస్తే పదిమందిలో కలిసిపోయే మనిషి. కానీ ఆయన చెవిన పడ్డాక ఏ బండి రోగమూ దాగదని పేరు. ఆ పేరు ఆయన అసలు పేరును ఎప్పుడో మింగేసింది.

అటూ ఇటూ చూశాడు. బావమరిది షెడ్డు చివర ఓ వ్యాను కింద దూరి బ్రేకులు విప్పుతున్నాడు. ఎవరూ తనవైపు చూడటం లేదని రూఢి చేసుకుని, పిడిని చెవి దగ్గర్నుంచి తీసి పళ్ల మధ్య పెట్టుకున్నాడు. ఇంజను అదురు దవడలోంచి తలకెక్కింది. ఏడాదిగా ఆయన వినడం అంటే ఇదే.

కుడి చెవి ముందు పోయింది, ఎడమది దాని వెనకే బయలుదేరింది. సంగతి భార్యకొక్కతెకే తెలుసు. పొద్దున మూడుసార్లు పిలిచి, విసిగి, ఎదురుగా వచ్చి నిలబడింది. "చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఎందుకలా కొరుకుతున్నావని అడిగాట్ట!" అని నవ్వి, వెంటనే నాలిక్కరుచుకుంది. "ఇక చాలండీ. షెడ్డులో వాళ్లకి చెప్పేయండి" అంది. పెదాలు కనిపించాయి, మాటా అర్థమైంది. అర్థం కానట్టు చెప్పులేసుకుని వచ్చేశాడు. చెవి పోయిన చెవి మేస్త్రి ఎవడిక్కావాలి?

ఇప్పుడు ముందున్నది నర్సమ్మ కారు. మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు తిరిగి కట్లు కట్టి, సూదులు వేసే మనిషి ఆవిడ. అవసరమైతే వాళ్లను అదే కారులో ఆసుపత్రికి చేరుస్తుంది. నడుస్తూ నడుస్తూ ఆగిపోవడం దాని రోగం. ఇరవై రోజుల కిందట ఈ పిడి కొరికే పెట్రోలు లాగే పంపు పోయిందని తేల్చాడు, కొత్త పంపు వేశాడు.

"నిన్న రైలు పట్టాల మీద ఆగింది మేస్త్రిగారూ" అంది నర్సమ్మ, బయటినుంచి వచ్చి ఎదుట నిలబడి. "వెనక సీట్లో ముసలాయన, ముక్కుకి గొట్టం. దార్న పోయే మనిషి, నేనూ కలిసి నెట్టాం. పక్కకి తప్పించిన రెండు నిమిషాలకి రైలొచ్చింది. తల ప్రాణం తోకకొచ్చిందనుకోండి."

ఆమె పెదాల మీదినుంచి చూపు తిప్పకుండా విన్నాడు. "తర్వాత స్టార్టయిందా?"

"పది నిమిషాలకి. ఏమీ ఎరగనట్టు."

బావమరిది వ్యాను కిందనుంచి తల బయటపెట్టాడు. "భయపడకమ్మా. మా బావ చెవి పెట్టాడంటే తిరుగుండదు."

ఆ మాట మేస్త్రికి వినపడలేదు గానీ, అతని మొహంలో నమ్మకం కనపడింది. సిగ్గుతో చచ్చినంత పనైంది ఆయనకు. స్క్రూడ్రైవర్‌ను గోడ మేకుకు తగిలించాడు.

"మీరు నడపండమ్మా, నేను పక్కన కూచుంటాను. ఆగేదాకా పోదాం."

ఊరు దాటారు. మేస్త్రి అరచెయ్యి ముందరి డాష్‌బోర్డు మీద ఆనించి కూచున్నాడు. అరగంట దాటాక అరచేతి కింద అదురు తడబడింది, మరోసారి తడబడి ఆరిపోయింది. గోదాముల వరస పక్కన కారు నిలిచింది.

దిగి ఇంజను దగ్గరకు వెళ్లబోయి ఆగాడు. ఇరవై రోజులకిందట అక్కడే మొదలుపెట్టాడు. ఈసారి వెనక్కి నడిచి, ట్యాంకు మూత తిప్పాడు. తిరిగింది గానీ ఊడి రాలేదు, లోపలినుంచి ఎవరో పట్టుకు లాగుతున్నట్టు. రెండు చేతులూ వేసి లాగాడు.

నర్సమ్మ ఎగిరి రెండడుగులు వెనక్కి వేసింది. "అమ్మో! పామనుకున్నాను."

"పామేమిటి?"

"మూత తియ్యగానే బుస్సుమంది కదండీ! వినలేదా?"

ఆయన మూత తిరగేశాడు. గుండుసూది తలంత రంధ్రం, దాని నిండా ఎండిన మట్టి. కందిరీగ మట్టితో కట్టుకున్న గూడు. పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకులోకి గాలి రావాల్సిన దారి అది. గాలి అందకపోతే ఎంత కొత్త పంపైనా పెట్రోలు లాగలేదు. కాసేపు ఆగితే ఏ సందులోంచో కాస్త గాలి చేరి బండి మళ్లీ కదులుతుంది.

నర్సమ్మ సంచిలోంచి సూది తీసిచ్చింది. మట్టిని పొడిచి, నోటితో ఊది, మూత బిగించాడు. ఇంజను వెంటనే అందుకుంది. ఆయన మాత్రం కారెక్కలేదు.

"ఆ రోజు కూడా ఈ మూత తీసింది నేనేనమ్మా. అప్పుడూ బుస్సుమనే ఉంటుంది" అన్నాడు. "నాకు వినపడలేదు. ఏడాదై ఏదీ వినపడటం లేదు."

"మీకా?"

"నాకే."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. కళ్లలో కోపం వచ్చింది, దాని వెనకే నీళ్లు. "ముందే చెప్పాల్సింది మేస్త్రిగారూ" అంది. ఆ ఒక్క మాటనూ ఆయన అక్షరం పొల్లుపోకుండా చదువుకున్నాడు.

ఇంకో గంట తిరిగారు. బండి ఆగలేదు.

షెడ్డుకు వచ్చాక మేస్త్రి సుద్దముక్క తీసుకుని గోడ దగ్గర నిలబడ్డాడు. గుర్తుచేసుకుంటూ ఒక్కొక్కటే రాశాడు. పాల వ్యాను. బడి బస్సు. దర్జీ తమ్ముడి కారు. పదిహేడు వరసలయ్యాయి.

"ఏంటి బావా ఇది?" బావమరిది ఆయన ఎదుటికొచ్చి అడిగాడు.

"ఈ ఏడాదిలో నేను చెవి పెట్టి రోగం తేల్చిన బండ్లు. అన్నిట్నీ పిలిపించి మళ్లీ చూడు. బడి బస్సు ముందు చూడరా, రేపే." సుద్దముక్క కింద పెట్టి, "నా చెవులు పోయాయి. నేనిక రాను" అన్నాడు.

బావమరిది ఏదో అంటున్నాడు, చేతులూపుతున్నాడు. మేస్త్రి అతని భుజం తట్టి, తొట్టి దగ్గర మోచేతులదాకా కడుక్కుని, చొక్కా మార్చుకుని, ఎండ ఇంకా ఉండగానే రోడ్డెక్కాడు.

"బావా!" అని పిలిచాడు బావమరిది. మళ్లీ పిలిచాడు. మనిషి తిరగలేదు. అప్పుడు గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

వెనక్కి వచ్చి, మేకుకున్న స్క్రూడ్రైవర్‌ను తొలిసారి చేతిలోకి తీసుకున్నాడు. పిడికి ఒక పక్క చెవి అరగదీసిన పాత గుంట, నున్నగా. దాని పక్కనే, చెక్కలోకి దిగిన పంటిగాట్లు.