కుంపటి ఇంట్లో థర్మోస్టాట్

చలికాలం వచ్చిందంటే ఆ ఇంట్లో కోడలి వెనకే లేచేది అత్తగారు. ముఖమైనా కడుక్కోకుండా, దుప్పటి ఈడ్చుకుంటూ వంటింటి గుమ్మం దాకా వచ్చి, పొయ్యి దగ్గర నిలబడ్డ కోడల్ని ఒక మాట అనేది. పెద్ద మాటేం కాదు. "నిన్న కూరలో ఉప్పేదమ్మా, కొట్లో దొరకడం మానేసిందా?" అనో, "ఆ నడకేమిటి, ఇల్లు అదిరిపోతోంది" అనో. కోడలికి చురుక్కుమనేది. కిటికీ అద్దం మీద పేరుకున్న మంచు కరిగి నీళ్ళై జారేది. అత్తగారు కుర్చీ లాక్కుని, కాళ్ళు చాపుకుని "హమ్మయ్య" అనుకునేది.

ఆ కోడలికి కోపం వస్తే ఇల్లు వెచ్చబడుతుంది. పెళ్ళైన కొత్తలోనే అందరికీ తెలిసిపోయింది, ఆ తర్వాత దాని గురించి ఎవరూ మాట్లాడుకోలేదు. ఇంట్లో ఆమెకు కుంపటి అని పేరు పెట్టారు. వీధిలో మాత్రం దర్జీ అమ్మ. ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని కోట్లు బిగించడం, జిప్పులు మార్చడం ఆమె పని. పక్కింటివాళ్ళు తడిబట్టలు తెచ్చి ఆమె కుర్చీ వెనక ఆరేసుకుని వెళ్ళేవాళ్ళు. జ్వరమొచ్చి వెళితే డాక్టరు ముందు ఆమెను నవ్వించి, తర్వాత థర్మామీటరు పెట్టేవాడు.

భర్త ఫోన్లమ్మే షాపులో మేనేజరు. ఏ మాటకి ఎంత వేడి పుడుతుందో అతనికి కొట్టిన పిండి. వంట మీద అంటే ఒక గది. రూపం మీద అంటే రెండు. ఆమె తండ్రి ఊసెత్తితే ఇల్లంతా వెచ్చబడి, స్నానాలగదిలో బకెట్లో నీళ్ళు కూడా కాగేవి. అందుకని రోజూ భుజాన తువ్వాలు వేసుకుని, స్నానాలగది తలుపు దగ్గర ఆగి, ఎప్పుడో పోయిన ఆ పెద్దమనిషిని నాలుగు మాటలని లోపలికి వెళ్ళేవాడు. తల తుడుచుకుంటూ బయటికొచ్చి, "ఊరికే అన్నానే, చలేసింది" అనేవాడు.

చలేసిందట! చలేస్తే స్వెట్టరు వేసుకుంటారు, కిటికీలు మూసుకుంటారు, ఇంకా చలేస్తే ఇంకో దుప్పటి కప్పుకుంటారు. కట్టుకున్నదాన్ని ఏడిపించి ఆ సెగకి చేతులు కాచుకునేవాళ్ళని ఏమనాలో నాకు తెలియదు. పైగా ఆ ఇంట్లో అందరూ మర్యాదస్తులే. వేసవిలో ఆమెను ఎవరూ పల్లెత్తు మాట అనేవాళ్ళు కాదు.

అసలు బాధ అది కూడా కాదు. అన్నీ ఊరికే అన్న మాటలైతే ఆమెకు కోపం రాను రాను తగ్గిపోయేదే. కానీ వాటిలో కొన్ని నిజంగా అన్నవి ఉన్నాయని ఆమెకు అనుమానం. ఏవి చలికి అన్నవి, ఏవి మనసులో ఉండి అన్నవి? ఇన్నేళ్ళ కాపురంలో అది మాత్రం ఆమెకు తేలలేదు. తేలలేదు కాబట్టే అన్ని మాటలకీ వేడి పుట్టేది. కోటు అంచు మడిచి కుడుతూ, ఒక్కో మాటా తీసి చూసుకుని, ఇది చలిదే, ఇది కాదేమో అని లోపల్లోపలే వేరుచేసుకునేది. మర్నాటికి అన్నీ మళ్ళీ కలిసిపోయేవి.

ఒకరోజు అలా ఆలోచిస్తూ కుడుతుంటే బేరం వాళ్ళ ఉన్నికోటు కాలరు మీద ఆమె వేళ్ళ ముద్రలు కమిలి పడ్డాయి. అప్పుడే వచ్చిన కూతురు అది చూసింది. కూతురు ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తుంది, ఊరికి అవతలి కొసన వేరే గది తీసుకుని ఉంటుంది. ఆ పిల్ల రెండు జీతాలు పోసి ఇంట్లో బాయిలరు పెట్టించింది, గదుల్లోకి వేడినీళ్ళ గొట్టాలు వేయించింది. ముందుగది గోడకి, ఆ బాయిలరుని వెలిగించి ఆర్పే గుండ్రటి గాజుబిళ్ళలాంటి స్మార్ట్ థర్మోస్టాట్ బిగించి, వైఫైకి కలిపి వెళ్ళింది. వెళ్తూ తల్లి చెవిలో చెప్పింది. "ఇక ఎవరికీ చలెయ్యదమ్మా. చలెయ్యకపోతే ఎవరూ నిన్నేమీ అనక్కర్లేదు. అన్నారంటే నిజంగా అన్నట్టే."

ఆ మాట దర్జీ అమ్మ మనసులో పడింది. థర్మోస్టాట్ పనిచేసినన్నాళ్ళూ ఆమె చెవులు రిక్కించుకునే తిరిగింది. అత్తగారు పొద్దున్నే వచ్చి, అలవాటుగా నోరు తెరిచి, వంటిల్లు వెచ్చగా ఉండటం చూసి, "కాఫీ అయిందా" అని ఊరుకుంది. భర్త భోజనం దగ్గర ఒకటి రెండుసార్లు ఏదో అనబోయి, గోడ మీద అంకె వైపు చూసి, ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆమె పని చేసుకుంటూ కూనిరాగం తీసింది. కూతురికి ఫోన్ చేసి, "మీ నాన్న మంచివాడేనే, చలికి ఓర్చుకోలేడంతే" అని చెప్పింది. చెప్తుంటే ఆమె గొంతులో ఉన్న సంతోషం వింటే మీకు ఏడుపొస్తుంది.

తర్వాత ఒక పొద్దున థర్మోస్టాట్ తెర మీద వైఫై గుర్తుకి అడ్డంగా గీత పడింది. గొట్టాలు చల్లబడ్డాయి. గోడకున్న ఆ బిళ్ళకీ, అదే గోడ వెనకున్న బాయిలరుకీ మధ్య జానెడు దూరం. అయినా ఎక్కడో ఉన్న కంపెనీ వాళ్ళని ఇంటర్నెట్లో అడిగితే తప్ప అది వెలగదట. ఇదీ మన తెలివి.

"మిషనన్నాక పాడవుతుంది, ఏం చేస్తాం" అన్నాడు భర్త, తువ్వాలు భుజాన వేసుకుంటూ. స్నానాలగది దగ్గర ఆగాడు. మళ్ళీ ఆమె తండ్రి దగ్గర మొదలుపెట్టాడు.

అతను షాపుకి వెళ్ళగానే దర్జీ అమ్మ కంపెనీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసింది. తేనె పూసిన గొంతుతో ఒకమ్మాయి, "మీ ఇబ్బంది మాకు అర్థమైంది మేడమ్. రౌటరు ఆపి మళ్ళీ వేశారా?" అంది.

"వేశాను."

"ఇంకోసారి వేస్తారా?"

వేసింది. పాస్‌వర్డు మళ్ళీ కొట్టమంది, కొట్టింది. రౌటరు దగ్గర మైక్రోవేవ్ గానీ, చేపలతొట్టె గానీ ఉంటే జరపమంది. లేవు. థర్మోస్టాట్‌ని గోడ నుంచి ఊడదీసి, ఇరవై అంకెలు లెక్కపెట్టి మళ్ళీ తగిలించమంది. లెక్కపెట్టి తగిలించింది. లైను తెగిపోయింది. మళ్ళీ చేస్తే వేరే అబ్బాయి పలికి, "రౌటరు ఆపి మళ్ళీ వేశారా మేడమ్?" అన్నాడు.

దర్జీ అమ్మకి కోపం నషాళానికి అంటింది. ముందుగది వెచ్చబడటం మొదలైంది. మంచం మీద ముడుచుకున్న అత్తగారు మెల్లిగా కాళ్ళు ఇటు చాపింది.

"తెర మీద గది ఎంత వేడి ఉందో కనిపిస్తుంది, చూడండి" అన్నాడు ఆ అబ్బాయి. ఆమె చూసి చెప్పింది. "మరి గది వెచ్చగానే ఉంది కదా మేడమ్. సమస్యేముంది?"

"ఆ వేడి నాది!" అని అరిచింది ఆమె.

"సరే మేడమ్. ఇంకేమైనా సాయం కావాలా?"

ఫోన్ పెట్టేసరికి పక్కింటివాళ్ళు తడిబట్టలతో గుమ్మంలో ఉన్నారు. అత్తగారు నొచ్చుకుంటూనే అడిగింది. "ఇంకోసారి చెయ్యకూడదుటమ్మా వాళ్ళకి? వెనకగది ఇంకా చల్లగానే ఉంది."

చూశారా? బాగుచెయ్యాల్సినవాళ్ళు కోపం తెప్పిస్తే, ఆ కోపంతో పాడైన మిషను పనిచేసినట్టే ఉంది. ఇక ఎవరికి మాత్రం అది బాగుపడాలని ఉంటుంది? ఆమె ఒక్కదానికే. ఫోన్ మీద ఫోన్ చేసింది. చివరికి దొరికిన ఒకామె, కొంచెం పెద్దవయసు గొంతు, రౌటరు ఊసెత్తకుండా, "గీత పడిన గుర్తు మీద వేలు నొక్కి పట్టుకోండమ్మా. కింద చిన్న అక్షరాల్లో ఏముంది?" అనడిగింది.

"రౌటరు అనుమతించలేదు అని ఉంది."

"పాస్‌వర్డు తప్పైతే అలా రాదమ్మా. మీ రౌటర్లో ఎవరో కావాలనే దీన్ని ఆపారు. రౌటరు యాప్ ఎవరి ఫోన్లో ఉంది?"

సాయంత్రం భర్త వచ్చి బూట్లు విప్పుకుంటుంటే ఆమె ఎదురుగా నిలబడింది.

"దాన్ని ఆపింది మీరేనా?"

అతను బుకాయించలేదు. "మిషను వేడి నాకు పడలేదే. గొంతు ఎండిపోతోంది. నీ వేడి వేరు" అన్నాడు. తను ఆమెను మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు.

"ఒక్కటి చెప్పండి. ఇన్నేళ్ళూ నన్ను అన్నవాటిలో చలికి అన్నవేవి? నిజంగా అన్నవేవి?"

"అన్నీ చలికే. ఒట్టు. ఒక్కటీ నిజం కాదు."

"మా నాన్న గురించి అన్నవి?"

"ఆయనకేమే, బంగారంలాంటి మనిషి. నాకు తెలియదా?"

తెలుసట. తెలిసే అన్నాడట. గోడల తడంతా ఆవిరైపోయింది. గిన్నెలో వెన్న కరిగి నూనైంది. తలుపు మీద రంగు పొంగి బొబ్బలు కట్టింది. కప్పు మీది మంచు ఒక్కసారిగా జారి వీధిలో పడింది. అత్తగారు పేపరుతో విసురుకుంటూ కిటికీలన్నీ తెరిచింది. థర్మోస్టాట్ మీద అంకెలు పెరిగి పెరిగి, చూపించడానికి అంకె లేక, గీతలు మిగిలాయి. అలా ఎంతసేపు ఉందో ఎవరూ చూడలేదు. తర్వాత తగ్గింది. ఆమె తన చేతులు తన మెడ మీద పెట్టుకుని చూసుకుంది. చల్లగా ఉన్నాయి.

"ఫోన్ ఇవ్వండి" అంది. ఇచ్చాడు. ఎక్కడ నొక్కాలో అతని చేతే చెప్పించుకుని అడ్డు తీసేసింది. వైఫై గుర్తు మీద గీత పోయింది. గోడ వెనక బాయిలరు గుర్రుమంది.

తెల్లారేసరికి ఇల్లంతా సమంగా, హాయిగా వెచ్చగా ఉంది. అత్తగారు స్వెట్టరు లేకుండా కాఫీ తాగుతోంది. భర్త బనీనుతో, భుజాన తువ్వాలుతో వచ్చి స్నానాలగది తలుపు దగ్గర ఆగాడు.

"మీ నాన్న నిన్ను నా మెడకి కట్టి, పీడా విరగడైందని చేతులు దులుపుకున్నాడు" అన్నాడు.

ఏమీ కాలేదు. బకెట్లో నీళ్ళు అలాగే ఉన్నాయి, గోడ మీద అంకె మారలేదు. ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తి అతన్ని చూసింది. ఆ మాటకి కాచుకోవడానికి సెగ లేదు, ఆరేసుకోవడానికి బట్టల్లేవు. ఉత్త మాటే, గది మధ్యలో ముగ్గురికీ వినపడింది.

"ఏం మాటరా అది?" అంది అత్తగారు. ఇన్నేళ్ళలో మొదటిసారి విన్నట్టుగా ఉంది ఆవిడ గొంతు.

"ఊరికే అన్నానమ్మా, చలే..." అని, నుదుటి చెమట తువ్వాలుతో తుడుచుకుని, అతను ఆగిపోయాడు.

దర్జీ అమ్మకి కోపం రాలేదు. అన్నేళ్ళుగా తనలో తను అడుగుకుంటున్నదానికి జవాబు మాత్రం వచ్చింది. ఆమె లేచి కుట్టుమిషను మీద మూత పెట్టి బిగించింది. కత్తెరలూ, నాలుగు బట్టలూ సంచిలో సర్దుకుంది. కూతురికి ఫోన్ చేసి, వస్తున్నానని ఒక్కమాట చెప్పింది. భర్త తువ్వాలు భుజం మీద అలాగే ఉంచుకుని, "ఇప్పుడేమైందనీ?" అంటూ గది మధ్యలో నిలబడ్డాడు.

గుమ్మం దగ్గర అత్తగారు అడ్డం వచ్చింది. "నేనన్నవి కూడా..." అని మొదలుపెట్టింది.

"చలికేనా అత్తయ్యా?"

"కొన్ని" అంది. "కొన్ని కాదమ్మా."

అబద్ధం చెప్పనందుకు దర్జీ అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లదనానికి ఉలిక్కిపడి, ముసలావిడ ఇంట్లోకి వెళ్ళి తన శాలువా తెచ్చింది. "బయట చలిగా ఉంది, కప్పుకో" అంది. వీధిలో సగంమంది కోట్లు ఆమె కుట్టినవే. ఆమెకంటూ ఒక కోటు ఉండాలని ఆ ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ తోచలేదు.

మెట్లు దిగి వీధిలోకి రాగానే గాలి చెంపల మీద కొట్టింది. పళ్ళు టకటకలాడాయి. చలంటే ఇదా అనుకుంది. ఇంతమాత్రానికా, ఆ మాటలన్నీ? శాలువా తల మీదుగా లాక్కుని, కుట్టుమిషను చంకనెత్తుకుని, బస్సు ఆగేచోటికి నడిచింది.