మందు వెయ్యని మడి

సుప్రియ స్కూటీకి స్టాండు వేసి, హెల్మెట్ తీసి, రోజూ అడిగే మాటే అడిగింది.

"ఇవాళ ఎక్కడుంది తలుపులమ్మా?"

"పంపుషెడ్డు వెనకాల ఉందండి మేడంగారూ. నేనొచ్చేసరికే అక్కడ పడుకునుంది. నీడ కోసమనుకుంటానండి," అంది మళ్లలో కూలిపని చేసే తలుపులమ్మ.

చెక్ మడి సంగతండీ ఇది. రాజమండ్రి దాటి మెట్ట ఎక్కితే, నల్లరేగడి నేలలో చిన్న పత్తి పరిశోధన కేంద్రం ఉంది. వరీ కొబ్బరీ తప్ప ఇంకోటి తెలియని డెల్టా జనం "మన గోదావరి జిల్లాల్లో పత్తేంటండీ!" అని నవ్వుతారు గానీ, మెట్టవాళ్లకి అదే బతుకు. అక్కడ ఒక మడి పొద్దువాలాక లేచి, మొక్కలతో సహా నడిచి, ఇంకోచోట పడుకుంటుంది. ఒక్క ఆకు రాలదు. కేంద్రం పెద్ద ఉదయ్‌భాస్కర్ గారు నెలవారీ నివేదికలో "చెక్ మడి స్థానం మారినది" అని రాసి సంతకం పెట్టేస్తారు. పైవాళ్లూ ఎప్పుడూ ఎందుకని అడగలేదు.

అడగడానికేముంది? ఎన్నేళ్లని ఒకేచోట పడుంటుంది పాపం! పరిశోధన అన్నాక ఒక మడిని ఏ మందూ వెయ్యకుండా వదిలెయ్యాలి, మందు వేసిన మళ్లతో పోల్చి చూడ్డానికి. దాన్నే చెక్ అంటారు. పచ్చదోమ పీలిస్తే పీల్చనివ్వాలి. గులాబి పురుగు కాయ తొలిస్తే తొలవనివ్వాలి. వడలు తెగులొచ్చి మొక్కలు తలలు వాల్చేస్తే పక్కన నిలబడి చూసి రాసుకోవాలి. పక్క మళ్లన్నీ విందు తింటుంటే దీనికేమో ఏళ్ల తరబడి ఉపవాసం. మనిషైతే ఈపాటికి ఇల్లొదిలి పారిపోయేవాడు. ఇది ఇంకా నయం, కంచె దాటలేదు.

సుప్రియకి దాని మీద జాలిపడే తీరిక లేదు. ఆమె పని వడలు తెగులు మీద. మాగిన పశువుల ఎరువులో ట్రైకోడెర్మా అనే మేలు చేసే బూజుని కలిపి, విత్తే ముందు నేలకి పట్టించడం. మొదటి రెండేళ్లూ మందు వేసిన మళ్లు కళకళలాడాయి, చెక్ ఎండిపోయింది. ఇదే ఆఖరి ఏడు. ఈసారీ తేడా కనపడితే ఆ మందు రైతులకి వెళుతుంది, ఆమె కాంట్రాక్టు ఉద్యోగం ఖాయమవుతుంది. కనపడకపోతే పనీ పోతుంది, ఉద్యోగమూ పోతుంది. మండపేటలో వాళ్ల నాన్న తన ఎరువుల కొట్లో ఆమె కోసం కుర్చీ తుడిచి ఉంచారు కూడాను.

సుప్రియ పంపుషెడ్డు వెనక్కి వెళ్లి చూసింది. చెక్ మడి పచ్చగా నవనవలాడుతోంది. ఒక్క ఆకు వడల్లేదు.

"తలుపులమ్మా! దీనికేం పోశావు?"

తలుపులమ్మ కొంగు చేత్తో పట్టుకుని నేల చూపులు చూసింది.

"మందు కలిపిన బకెట్లు కడిగిన నీళ్లండి... ఎలాగూ పారబోసేవేగదాండి. నేనెళ్తుంటే ఎనకాలే వచ్చేదండి. దాని కడుపు మాత్రం కడుపు కాదాండి?"

"నా కొంప ముంచేశావు కదే!"

అంత మాట ఆవిణ్ణి ఎప్పుడూ అనలేదు. అనేసి, పంపుషెడ్డు గట్టు మీద కూలబడి, మోచేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చింది. "రేపు పైనుంచి తనిఖీ టీమొస్తోంది తలుపులమ్మా. రెండూ ఒకేలా ఉంటే ఆ మందెందుకూ అంటారు. నాకు ఉద్యోగం ఉండదు, రైతులకి మందూ ఉండదు." తలుపులమ్మా ఏడ్చింది. మడి వాళ్ల కాళ్ల దగ్గరే ఉంది. విన్నదేమో.

మర్నాడు జీపు దిగిన టీము పెద్దాయనకి సుప్రియ ముందే చెప్పేసింది. దాచడం ఆమె వల్ల కాలేదు.

"సార్, చెక్‌కి మందు నీళ్లు పడ్డాయండి. ఈ ఏడు లెక్కలోకి రాదు."

"ముందు చూద్దాం పదమ్మా."

మడి తన పాత చోటుకి తనే వచ్చేసి ఉంది. మొక్కలన్నీ తలలు వాల్చి, ఆకులు గలగల్లాడేలా ఎండిపోయి ఉన్నాయి. పెద్దాయన ఫకాలున నవ్వాడు.

"మందు పడితే ఇలా ఉంటుందా అమ్మా? మరీ ఇంత నిజాయితీ పనికిరాదు!" అని, పక్క మళ్ల పచ్చదనం చూసి భేష్ అని, కాయితాల మీద రాసుకున్నాడు.

జీపు వెళ్లాక సుప్రియ ఒక మొక్క పీకి, కాండాన్ని నిలువునా చీల్చింది. వడలు తెగులైతే లోపల గోధుమరంగు చార కనపడాలి. చార లేదు. తెల్లగా, శుభ్రంగా ఉంది. ఇంకోటి చీల్చింది. అదీ అంతే.

"తెగులు కాదు తలుపులమ్మా."

"అవునండి. మొక్కలకి అందకుండా నీళ్లు బిగబట్టేసుకుందండి," అంది తలుపులమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

సుప్రియ అప్పటికప్పుడే పెద్దాయనకి ఫోన్ చేసి ఆ సంగతీ చెప్పింది. "ఆ మడి స్వభావం మాకు తెలుసులేమ్మా. రెండేళ్ల లెక్కలు గట్టిగా ఉన్నాయి, అవి చాలు," అని ఆయన పెట్టేశాడు.

వేసవిలో ఉత్తర్వులొచ్చాయి. ఉద్యోగం ఖాయమైంది. గోకవరం వైపు రైతులు మందు పట్టుకెళ్లి విత్తే ముందు నేలకి పట్టించారు. మండపేటలో కుర్చీ మీద ఇప్పుడు వాళ్ల నాన్న కండువా ఆరేసుకుంటున్నారు.

తొలకరి పడ్డాక ఉదయ్‌భాస్కర్ గారు కొత్త ప్రయోగానికి ప్లాను పరిచి, పెన్ను తీశారు.

"ఈసారి చెక్ ఏదమ్మా?"

"ఆ పాతది మాత్రం వద్దు సార్. దాన్ని బాగా చూసుకుందాం. ఇంకోటి..." అంటూ సుప్రియ ప్లాను మీద వేలు పెట్టబోయి, ఏ మడి మీదా పెట్టలేకపోయింది. దేని మీద పెడితే దాన్ని చంపాలి మరి.

"మేడంగారూ!" అని బయట్నించి తలుపులమ్మ కేకేసింది.

సుప్రియ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది. పాత మడి పట్టపగలు నడిచొచ్చి, మళ్లన్నిటికీ చివర, చెక్ ఉండాల్సిన చోట పడుకునుంది.

"లే," అంది సుప్రియ. "నీ వంతు అయిపోయిందే తల్లీ, లే. పంపుషెడ్డు దగ్గరికి పో."

అన్నేళ్లూ ఒక్కచోట నిలవని మడి, ఆమె ఎంతసేపు బతిమాలినా అక్కణ్ణించి కదల్లేదు.