ఇది రివైండ్ కాదు

"తలుపు తెరుచుకోవడం లేదు!"

హెడ్‌ఫోన్‌లో ఆ కేక వినగానే, హాల్లో సౌండు చూసే బేసక్క తలెత్తింది. జనం అరుపులు రికార్డు చేయడానికి పక్క తలుపు మీద తనే వేలాడదీసిన మైకులోంచి వచ్చింది ఆ గొంతు. మిక్సర్ దగ్గర నిలబడి అటు చూసింది. హాలంతా తలలు బేస్‌తో పాటు మెల్లగా ఊగుతున్నాయి. పక్క తలుపు దగ్గర మాత్రం ఊగడం లేదు, ఒకదాని మీద ఒకటి తోసుకుంటున్నాయి. వాటి పైన కప్పుకు బిగించిన దీపం ఒకటి కాలి, నల్లటి పొగ కిందికి దిగుతోంది.

వేదిక మీద పాడుతున్నవాణ్ణి అందరూ తుపాకీ అంటారు. మాట అంత వేగం. వాడి కళ్ళు మూసుకుని ఉన్నాయి. వెనక బ్యాండు మంచి ఊపులో ఉంది. ఇంత పెద్ద చప్పుడులో ఎవరికి చెప్పినా వినిపించదు. ముందు చప్పుడు ఆగాలి.

బేసక్క మొత్తం చప్పుడుని నడిపే మీటని, అసలు ఫేడర్‌ని ఒక్క లాగు లాగింది. స్పీకర్లన్నీ చచ్చిపోయాయి.

అర సెకను నిశ్శబ్దం. ఆ తర్వాత ఏడువందల మంది ఆనందంతో గావుకేక పెట్టారు.

"రివైండ్! రివైండ్!"

జమైకా రెగె పాటల డాన్స్‌హాల్ రాత్రుల్లో అలవాటే అది. పాట మరీ నచ్చితే జనం గోడలు బాదుతారు. పాట అక్కడికక్కడ ఆపేసి మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంటారు. గాయకుడికి అంతకు మించిన సన్మానం లేదు. ఇప్పుడు పాట ఆగింది కాబట్టి మళ్ళీ మొదలవుతుందని అందరూ సంబరపడిపోయారు. ముందున్నవాళ్ళు గోడలు బాదుతున్నారు. వెనకున్నవాళ్ళు తలుపు బాదుతున్నారు. చెవికి రెండూ ఒకటే మోత.

"ఇది రివైండ్ కాదు!" అని మైకులో అరిచింది. మాట బయటికి రాలేదు. అసలు ఫేడర్ కిందికి లాగినప్పుడే తన మైకు కూడా చచ్చిందన్న సంగతి అప్పుడు తట్టింది. ఇరవై ఏళ్ళ అనుభవం, ఏం లాభం! బ్యాండు మైకుల దారులన్నీ ఒక్కొక్కటే మూసి, తన మైకు ఒక్కటీ తెరిచి, ఫేడర్ మళ్ళీ పైకి తోసింది.

"ఇది రివైండ్ కాదు! పక్క తలుపు దగ్గర పొగ. ముందు తలుపుల నుంచి బయటికి నడవండి!"

ముందుగా అర్థమైంది తుపాకీకే. ఆమె వాడి మైకు కూడా తెరిచింది. "పరిగెత్తకండిరా నాయనా, నడవండి! నా పాట ఎక్కడికీ పారిపోదు!" అన్నాడు. జనం కదిలారు. పక్క తలుపు మీద ఒత్తిడి తగ్గింది. తగ్గాకే ఆ ఇనప తలుపు లోపలికి తెరుచుకుంది.

గడియారం చూస్తే అంతా కలిపి నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల్లో పోస్టు మామయ్య పోయాడు.

ముప్ఫై ఏళ్ళు ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. రెగె రాత్రి ఒక్కటీ వదిలేవాడు కాదు. మోకాళ్ళ నొప్పులు, అందుకని ఎప్పుడూ పక్క తలుపు దగ్గరే గోడకు ఆనుకుని, నడుము పైభాగంతో మాత్రం డాన్సు చేసేవాడు. "కాళ్ళు రిటైరయ్యాయమ్మా, భుజాలకి ఇంకా సర్వీసుంది" అనేవాడు బేసక్కతో. తలుపు పక్కనే నిలబడ్డాడు కాబట్టి అందరికంటే ముందు అతనే బయటపడాలి. అందరికంటే కింద దొరికాడు.

* * *

మూడో రోజు పొద్దున ఆసుపత్రి వార్డులో చెల్లెలి మంచం పక్కన కూర్చుంది బేసక్క. చెల్లెలు టైలరు. కుడి మణికట్టు విరిగింది. రెండు అరచేతులూ ఊదా రంగుకి తిరిగి ఉబ్బిపోయాయి. తలుపు తెరుచుకోవడం లేదని అరిచింది ఆమే.

బాబాయ్ వచ్చాడు. నాన్న పోయాక ఇద్దర్నీ పెంచినవాడు, బేసక్క చేతికి మొట్టమొదట సోల్డరింగ్ ఐరన్ ఇచ్చినవాడు. ఇప్పుడు ఆ హాలుకి మేనేజరు. చెల్లెలి తల నిమిరాడు, దిండు సర్దాడు, ఆ తర్వాత జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు.

"పదకొండింటికి ఫైర్ ఆఫీసరమ్మ విచారణకి వస్తుంది. ఓనరుగారు రాయించారు. ఒక్క సంతకం పెట్టు తల్లీ."

బేసక్క చదివింది. 'హెచ్చరిక లేకుండా నేను సంగీతం ఆపేశాను. జనం దాన్ని రివైండ్ అనుకుని తోసుకున్నారు. పక్క తలుపుకి తాళం లేదు. లోపలికి తెరుచుకునే తలుపు కాబట్టి, జనం ఒత్తిడి వల్ల తెరుచుకోలేదు.'

"అంటే మామయ్యని నేను చంపానా?"

"అలా ఎందుకంటావ్? పొరపాటని కదా రాసింది. మ్యూజిక్ ఆపింది నువ్వే కదా? అందులో అబద్ధం ఏముంది?"

"నేను ఆపకముందే చెల్లి అరిచింది బాబాయ్. అప్పటికే తలుపు తెరుచుకోవడం లేదు."

"ఆ గోలలో ఎవరు ఎప్పుడు అరిచారో ఎవడు చెప్తాడే! ఒక ఆర్నెల్లు పని మానేసి ఇంట్లో ఉండు. అన్నీ చల్లబడ్డాక నేనే పిలిపిస్తాను. ఓనరుతో గొడవ పెట్టుకుంటే నీకు ఊళ్ళో ఒక్క హాలు కూడా మైకు ఇవ్వదు. నీ మంచికే చెప్తున్నా."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. పొగని ముందు చూసింది తను. అరిచింది తను. నేరం కూడా తనదేనట! కాగితం నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

"సంతకం అక్కడే పెడతాలే. నువ్వు పద."

బాబాయ్ వెళ్ళేదాకా చెల్లెలు గుమ్మం వైపే చూసింది. వెళ్ళాక మెల్లగా అంది.

"అక్కా, తాళం ఉంది."

"చూశావా?"

"లోపల్నుంచి ఎలా కనిపిస్తుంది? లాగినప్పుడల్లా అవతల గొలుసు గలగలమంది. మొదట్లో మమ్మల్ని ఎవరూ తోయలేదక్కా. నేనూ మామయ్యా తీరిగ్గా నిలబడి లాగాం. ఒత్తిడీ గిత్తిడీ అంతా ఆ తర్వాతే." విరిగిన చెయ్యి దిండు మీదికి జరుపుకుంది. "బయట మనిషి కూడా ఉన్నాడు. మేం బాదుతుంటే, 'ఆగండెహే, మళ్ళీ వేస్తాడులే పాట!' అన్నాడు."

"రివైండ్ కోసం బాదుతున్నారనుకున్నాడా?"

"అనుకునే ఉంటాడు. చచ్చిపోతున్నాం బాబోయ్ అంటే కేరింతలనుకున్నాడు వెధవ!"

"గొంతు గుర్తుపట్టావా?"

"ఇనప రేకు అవతల ఏ గొంతైనా డబ్బాలో గొంతే కదక్కా. చివర్లో తలుపు మీద వాడే కొట్టాడు. టక్ టక్... అని కాస్త ఆగి, టంగ్‌మని. మేం ఇంకా గట్టిగా బాదాం. అప్పుడు గొలుసు జారిన చప్పుడైంది."

బేసక్క మంచానికి ఇంకా దగ్గరగా జరిగింది.

"మళ్ళీ కొట్టి చూపించు."

చెల్లెలు ఎడమచేతి వేలితో మంచం ఊచ మీద కొట్టింది. రెండు తేలిక దెబ్బలు, కాస్త ఎడం, ఆపైన బరువుగా మూడోది. తను ఏం కొట్టిందో తనకి తెలిసినట్టు లేదు. వైర్లూ తాళాలూ ఆ పిల్ల ఎప్పుడూ పట్టించుకున్నది కాదు.

కానీ బేసక్కకి పన్నెండేళ్ళ వయసులో నేర్పిన పాఠం అది. లోపలికి తెరుచుకునే తలుపుని చెప్పకుండా తోస్తే అవతలివాళ్ళకి తగులుతుంది. అందుకని ముందు తాళంకప్పతో కొట్టాలి. రెండు తేలిగ్గా, మూడోది ఆలస్యంగా, బరువుగా. "రెగెలో డ్రమ్ము బరువంతా మూడో దెబ్బ మీదే పడుతుంది అమ్మడూ. తలుపైనా అంతే, తాళంలో కొట్టాలి" అని నవ్వేవాడు నేర్పినవాడు. తాళంకప్పతో తాళం వేయడం అని తనలో తనే మురిసిపోయేవాడు.

* * *

బేసక్క హాలుకి పదింటికే చేరింది. పగటి వెలుగులో అది పాత గోడౌనులా ఉంది. నేల మీద చెప్పులు ఇంకా అలాగే పడి ఉన్నాయి, జత లేనివే ఎక్కువ. పక్క తలుపు బయటికి వెళ్ళి గొళ్ళెం చూసింది. గొలుసు లేదు, కప్ప లేదు. అగ్నిమాపక బండి వచ్చేసరికే లేవు. ఇనుము మీద మాత్రం గొలుసు రాసుకున్న గీతలు కొత్తగా మెరుస్తున్నాయి.

మిక్సర్ దగ్గరికి వచ్చింది. ఆ రాత్రి రికార్డు అందులోనే ఉంది. పాటలు రికార్డవుతాయని ఓనరుకి తెలుసు. పక్క తలుపు మీది మైకు విడిగా రికార్డవుతుందని తెలిసింది ఆమె ఒక్కదానికే. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక్కసారి వింది. రెండోసారి వినే ధైర్యం లేకపోయింది.

పదకొండింటికి అందరూ వచ్చారు. ఫైర్ ఆఫీసరమ్మ ఒక కుర్చీ లాక్కుని కూర్చుని ఫైలు తెరిచింది. తక్కువ మాట్లాడే మనిషి. ఓనరు చేతిరుమాలుతో ముక్కు మూసుకుని నిలబడ్డాడు. బాబాయ్ ఆయన వెనక.

"పక్క తలుపుకి తాళం ఉందా?" అడిగింది ఆఫీసరమ్మ.

"షో రాత్రి ఎప్పుడూ వెయ్యం మేడమ్" అన్నాడు ఓనరు. "మాకు ప్రాణాలు ముఖ్యం. ఈ అమ్మాయి మ్యూజిక్ కట్ చేయకపోతే ఒక్కళ్ళకీ ఏమీ అయ్యేది కాదు. ఆడవాళ్ళు కదా, కంగారు."

"కంగారు పడింది నేనొక్కదాన్నే అయితే, ఆ రాత్రి పొగ చూసి మీరు గోడ దూకి ఎందుకు పారిపోయారండీ?" అంది బేసక్క. ఓనరు రుమాలు కిందికి దిగింది.

ఆఫీసరమ్మ పెన్ను బాబాయ్ వైపు తిరిగింది. "మీరెక్కడున్నారు?"

"టిక్కెట్ల కిటికీ దగ్గర మేడమ్. మొదట్నుంచీ చివరిదాకా."

"పక్క తలుపు వైపు వెళ్ళారా?"

"లేదండీ."

బేసక్క మధ్యలో అందుకుంది. "అస్సలు వెళ్ళలేదా బాబాయ్? ఇంకోసారి చెప్పు."

"ఎన్నిసార్లు చెప్పాలే? రివైండ్ అడుగుతున్నావా?" అన్నాడు నవ్వుతూ. "వెళ్ళలేదు. సరేనా?"

ఒక్క మాట చాలు, నిజం చెప్పమని లోలోపల బతిమాలుకుంది ఆమె. భయపడ్డానను. టిక్కెట్టు లేనివాళ్ళని ఆ తలుపులోంచి ఎవరో లోపలికి పంపుతున్నారని ఓనరు అందరి ముందూ తిడితే తాళం వేశానను. వాళ్ళు పాట కోసం బాదుతున్నారనుకున్నానను. మొదటి తప్పు మనుషులు చేసేదే. కానీ కప్ప తీసి జేబులో దాచుకుని, పొద్దున్నే ఆసుపత్రికి కాగితం పట్టుకొచ్చి, మణికట్టు విరిగిన పిల్ల తల నిమిరాడు కదా. అది ఏ లెక్కన పొరపాటు?

బాబాయ్ ఆమె కళ్ళలోకి చూడకుండా గోడ వైపు చూస్తున్నాడు.

బేసక్క ఆ రాత్రి రికార్డు మొదలుపెట్టి ఫేడర్ పైకి తోసింది.

ఖాళీ హాల్లో స్పీకర్లు మేలుకున్నాయి. "తలుపు తెరుచుకోవడం లేదు!" చెల్లెలి గొంతు. దాని వెనక పాట ఇంకా మోగుతూనే ఉంది.

"వినండి మేడమ్, మ్యూజిక్ ఇంకా నేను ఆపలేదు."

గొలుసు గలగల. పోస్టు మామయ్య గొంతు, "ఉండమ్మా, నేను లాగుతా." పాట ఠక్కున ఆగింది. కేరింతలు. బాదుడు. అరచేతులతో, పిడికిళ్ళతో, మోచేతులతో. అవతల్నుంచి డబ్బాలో గొంతు: "ఆగండెహే, మళ్ళీ వేస్తాడులే పాట!" ఓనరు ఆపమన్నట్టు చెయ్యెత్తాడు. ఆఫీసరమ్మ ఆ చేతివంక చూసింది. చెయ్యి దిగిపోయింది.

నిమిషం. రెండు నిమిషాలు. పోస్టు మామయ్య గొంతు మళ్ళీ వినిపించలేదు.

అప్పుడు ఇనుము మీద ఇనుము. టక్ టక్... టంగ్!

గొలుసు జారింది. బేసక్క రికార్డు ఆపేసింది. ఆ మూడో దెబ్బ గోడలకి తగిలి మెల్లగా సద్దుమణిగింది. బాబాయ్ కుడిచెయ్యి తనకి తెలియకుండానే ప్యాంటు జేబులోకి పోయింది.

"అది తాళంకప్ప చప్పుడు మేడమ్. తలుపు తీసే ముందు ఇలా కొట్టే మనిషి ఈ ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు. నాకు నేర్పింది కూడా ఆయనే."

"ఎవరు?"

"అమ్మడూ" అన్నాడు బాబాయ్, వినీ వినపడకుండా. "నేను నిన్ను పెంచాను."

"పెంచావు. మామయ్య తలుపుకి అటువైపు ఉన్నాడు బాబాయ్. చెల్లి అటువైపు ఉంది."

ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి సంతకం లేని కాగితం తీసి ఆఫీసరమ్మ ఫైలు మీద పెట్టింది. మిక్సర్లో ఆ రాత్రి తెరిచిన తన మైకు దారి ఇంకా తెరిచే ఉంది, ఆమె మైకు వైపు వంగింది. ఈసారి మాట బయటికి వచ్చింది, స్పీకర్లన్నింటిలోంచి, హాలంతా.

"ఆ తలుపుకి తాళం వేసింది మా బాబాయ్."