మూడు చుక్కల నీళ్లు

బాన్సువాడలో పాల డెయిరీ పెట్టాలంటే లైసెన్సు కావాలి. లైసెన్సుకు ఇన్‌స్పెక్టర్ దేవిదాస్ సంతకం కావాలి. ఆయన ఒకసారి వచ్చి గచ్చు లేదన్నాడు. ఇంకోసారి వచ్చి మురికి పోయే కాలువ లేదన్నాడు. గచ్చు వేశాం, కాలువ తీశాం. డెబ్బై ఎనిమిదిలో, ఎండలు ముదిరిన రోజుల్లో, మూడోసారి వచ్చాడు. ఇదే ఆఖరు. ఈసారీ కాదంటే షెడ్డును, అప్పిచ్చిన పండరి పటేలుకు అప్పజెప్పి, నేనూ మా ఆయన గోప్యా మళ్లీ చెరుకు కొట్టడానికి పోవాలి. ఆ బతుకు తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది.

గచ్చు చూశాడు, కాలువ చూశాడు. "పాలు పిండు, నా ముంగట," అన్నాడు.

ఆయన కోసమని రెండు బర్రెలను పిండకుండా ఆపాం. ఒకదాన్ని పిండి గిన్నె తెస్తున్నాను. గడప దగ్గర మా అత్త సోనాబాయి నీళ్లలో వేళ్లు ముంచి, రోజూ చేసినట్టే, మూడు చుక్కలు పాలలో విదిలించింది.

"గిదేంది? నా కండ్ల ముంగటనే నీళ్లు కలుపుతుండ్రా?"

"మూడు సుక్కలే సారూ," అంది అత్త. "ఉత్త పాలు గడప దాటితే పొదుగు ఎండుతది. మా తండాల అందరం ఏస్తం."

"మూడైనా, ముప్పై అయినా కల్తీ కల్తే." ఫైలు మూసేశాడు.

కోపంతో నాకు కళ్లు కనబడలేదు. "నా కొంప ముంచినవ్! పో, తండాకే పో!" అని అరిచాను. అత్త మూట తీసుకుని బయటికి నడిచింది.

ఎప్పుడూ నోరు మెదపని గోప్యా ఇన్‌స్పెక్టర్ సైకిల్ పట్టుకున్నాడు. "ఇంకో బర్రె ఉంది సారూ. ఒక్కసారి సూడుండ్రి."

"జల్ది కానియ్యి."

కూర్చున్నాను. దూడను విడిచాను, చన్నులు లాగాను. చుక్క రాలేదు. ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది నా మతిమరుపు బుద్ధికి. ఆ బర్రె మా అత్త చేతికి తప్ప ఎవరికీ చేపుకు రాదు.

రోడ్డు మీదికి ఉరికాను. "అత్తా, తప్పయింది. నువ్వు పిండితేనే ఇస్తది."

"నా సెయ్యి నీళ్లు సల్లకుండ ఊకోదు బిడ్డా."

"ఇయ్యాల్ల ఊకోవాలె."

వచ్చింది. చేతులు కడుక్కుని, తడి లేకుండా లంగా అంచుకు తుడుచుకుంది. పొదుగు నిమరగానే పాలు దిగాయి. గిన్నె నా చేతికిచ్చి, రెండు చేతులూ చంకల్లో బిగించుకుని, రోడ్డవతలికి పోయి మాకు వీపు తిప్పి నిలబడింది.

ఇన్‌స్పెక్టర్ పాలలో, నీళ్లు కలిసిందీ లేనిదీ చూపే గాజు మీటరు ముంచాడు. వంగి చూశాడు. మళ్లీ చూశాడు. సంతకం పెట్టాడు. గోప్యా నవ్వాడు గానీ నాకు నవ్వు రాలేదు, సిగ్గేసింది.

మర్నాడు లైసెన్సు గోడకు తగిలించి, పాల క్యాను ఎత్తాను. అత్త అప్పటికే బయటికి వెళ్లి వీపు తిప్పింది. గడప దగ్గర నా కాళ్లు ఆగాయి. నాకు తెలియకుండానే నా వేళ్లు నీళ్ల బకెట్లో మునిగాయి. క్యాను మీదికి తెచ్చాను. చెయ్యి వెనక్కి తీసుకుని, ఆ తడి గడప పక్కన కట్టేసిన దూడ నొసటికి అద్ది, గడప దాటాను.

"ఏసినవా?" అంది అత్త, తిరగకుండానే.

"లేదు."

ఆమె లోపలికి పోయింది. దూడ నొసట తడి చూసింది. తర్వాత తనూ మూడు వేళ్లు ముంచి, అక్కడే అద్దింది.